ఊరి ఆర్‌ఎంపీ నుంచి హైదరాబాద్ దాకా: ఏ జబ్బుకు ఏ దవాఖాన?

మా ఇల్లు హనుమకొండ నయీంనగర్‌లో. పరకాల, ములుగు వైపున్న మా చుట్టాల్లో ఎవరికి పాణం బాగలేకపోయినా మొదటి ఫోన్ మాకే వస్తుంది. "అక్కా, ఏ దవాఖానకు తీస్కపోతే మంచిది?" అని. ఒకప్పుడు నాకు తెలిసిన డాక్టరు పేరొకటి చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని. ఇప్పుడు పేరు చెప్పేముందు నాలుగు సంగతులు అడుగుతున్నాను. మా ఇంట్లో జరిగిన రెండు ఘటనలు నాకు ఆ అలవాటు చేశాయి.

మొదటిది మా బావది. చలికాలం, రాత్రి ఒంటిగంట. ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమటలు. హసన్‌పర్తి నుంచి ఇరవై నిమిషాల్లో హనుమకొండలోని ఒక ప్రైవేటు గుండె ఆసుపత్రికి చేర్చాం. ఈసీజీ తీశారు, యాంజియో చేశారు, స్టెంటు వేశారు. తెల్లారేసరికి మనిషి మాట్లాడాడు. ఆరోగ్యశ్రీ కార్డు మీదే ఆపరేషన్ అయింది. 1998లో మా నాన్నకు ఇదే నొప్పి వచ్చినప్పుడు అంబాసిడర్ కారు మాట్లాడుకొని హైదరాబాద్ బయల్దేరాం. జనగామ దాటలేదు.

రెండోది మా చిన్నమ్మది. వానాకాలం, నాలుగు రోజుల జ్వరం. ఊర్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ రోజూ సెలైన్ ఎక్కించాడు. ఐదో రోజు "ప్లేట్‌లెట్లు పడిపోయినయి, లేట్ చేస్తే కష్టం" అని ఆయనే ఆటో ఎక్కించి ఒక నర్సింగ్ హోమ్‌కు తెచ్చాడు. రాగానే 20 వేలు అడ్వాన్సు, ఐసీయూ. మూడో రోజుకు బిల్లు 64 వేలు. ఆ బిల్లు కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అందులో సగానికి పైగా లోపలి మెడికల్ షాపువే. గ్లౌజులకు ఒక లైను, సిరంజీలకు ఒక లైను, అవే మళ్లీ సాయంత్రం తేదీతో ఇంకో లైను. ఎక్కడా రక్తం కారడం లేదు, బీపీ బాగుంది, ప్లేట్‌లెట్లు 38 వేలు ఉన్నాయి. అయినా ప్యాకెట్లు ఎక్కించాలన్నారు. మా తమ్ముడు అప్పటికే వాళ్లమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టి వచ్చాడు. ఆమెను వరంగల్‌లోని పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకు మార్పించాం. అక్కడ వార్డులో మంచాలు కిక్కిరిసి ఉన్నాయి, తమ్ముడు వరండాలో చాప మీద పడుకున్నాడు. ద్రవాలు ఇచ్చి పూట పూటకూ చూసుకున్నారు. నాలుగు రోజులకు ఇంటికి పంపారు.

రెండూ ప్రైవేటు దవాఖానలే, ఒకే ఊర్లో ఉన్నవే. ఒకటి మా బావను బతికించింది, ఇంకొకటి మా చిన్నమ్మ మెడ బోసి చేసింది. అందుకే "ప్రైవేటు మంచిదా, సర్కారు మంచిదా" అన్న మాట దగ్గర నేను ఆగను. హైదరాబాద్‌లో తప్ప దొరకని డాక్టర్లను, మిషన్లను వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, మంచిర్యాల దాకా తెచ్చింది ఎక్కువగా ప్రైవేటు వైద్యమే. దానివల్ల దూరం తగ్గింది, ఖర్చు తగ్గలేదు. 2017-18 జాతీయ నమూనా సర్వేలో, కాన్పులు కాకుండా ఒకసారి ఆసుపత్రిలో చేరితే అయిన సగటు ఖర్చు ప్రభుత్వ దవాఖానలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు. ఇది దేశం మొత్తం మీది లెక్క. ఏ జబ్బుకు దూరం ముఖ్యమో, ఏ జబ్బుకు ఖర్చు ముఖ్యమో విడదీసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

## ముందు అడగాల్సిన నాలుగు సంగతులు

ఈ జబ్బు గంటలదా, రోజులదా, ఏండ్లదా? అన్నింటికన్నా ముందు అడగాల్సింది ఇదే. గుండెపోటు, పక్షవాతం, పాముకాటు, ఒంట్లోకి పోయిన పురుగుల మందు, రోడ్డు ప్రమాదం, కాన్పులో ఆగని రక్తం: ఇవి గంటల జబ్బులు. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, దానికంటే ముందు సీటీ స్కాన్ తీయాలి. స్కాన్ లేని చోట గంటన్నర గడిస్తే ఆ గంటన్నర మళ్లీ రాదు. జ్వరాలు, న్యుమోనియా, కడుపునొప్పి రోజుల జబ్బులు. రోగి తెలివిలో ఉండి, బీపీ, ఊపిరి బాగుంటే ఒక పూట ఆగి ఇంకో డాక్టరును అడిగే వీలుంటుంది. బీపీ, షుగర్, ఫిట్స్, కిడ్నీ, టీబీ ఏండ్ల జబ్బులు. ఇక కాన్పు, మోకాలి ఆపరేషన్, హెర్నియా, కంటిశుక్లం, గర్భసంచి లాంటివి ముందే తెలిసినవి. వీటికి నాలుగు చోట్ల అడిగి తెలుసుకునే టైము ఉంటుంది. అయినా మనవాళ్లు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే.

ఖర్చు ఏ హద్దు దగ్గర ఆగుతుంది? మొదటి రోజు ఎంత కట్టాలన్నది చిన్న ప్రశ్న. అనుకున్నట్టు తగ్గకపోతే ఐదో రోజు ఎంతవుతుందో, అప్పుడు కార్డు పనిచేస్తుందో లేదో చేరకముందే అడగాలి.

ఎవరు పంపుతున్నారు? "నేను చెప్పిన చోటికే పోండి" అన్న మనిషికి అందులో వాటా ఉందేమో చూసుకోవాలి. మా చిన్నమ్మను తెచ్చిన ఆటో ఇంకా గేటు దాటలేదు, ఆర్‌ఎంపీ ఫోన్లో "సార్, పేషెంటు వచ్చింది" అన్నాడు. ఆ మాట మా తమ్ముడు విన్నాడు. అర్థమైంది మాత్రం బిల్లు చూశాకే. రోగిని పంపినందుకు వాటా ఇచ్చే అలవాటు మన దగ్గర పాతుకుపోయింది, వైద్యుల నియమావళి దాన్ని తప్పని చెబుతున్నా. ఆ వాటా చివరికి పడేది మన బిల్లు మీదే.

వెంట ఎవరుంటారు? కూలికి పోయే ఇంట్లో ఒకరు పది రోజులు దవాఖానలో కూర్చుంటే అది కూడా ఖర్చే. ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి, వారం వారం తిరిగే వైద్యానికి వరంగల్ రావడం ఇదివరకంత భారం కాదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, దారి ఖర్చు లేక మందులు మధ్యలో ఆపేసినవాళ్లను నేను చూశాను.

## ఊర్లో ఆర్‌ఎంపీ

రాత్రి పదింటికి తలుపు కొడితే తీసేది ఆయనే. పైసలు రేపిస్తామన్నా వింటాడు. ఏటూరునాగారం, తాడ్వాయి అడవి ఊర్లలో ఏండ్ల తరబడి మొదటి సాయం ఆయనదే. ఆ మేలు నేను మర్చిపోను. అయితే ఆయన డాక్టర్ కాదు. అర్హత లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉంది.

గాయానికి కట్టు, బీపీ చూడటం, జ్వరం కొలవడం, పారాసిటమాల్: ఇంతవరకు సరే. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, నీరసానికి సెలైన్లు, రెండు మూడు రకాల యాంటీబయాటిక్‌లు కలిపి ఇవ్వడం దగ్గర ఆపాలి. డెంగీ రోజుల్లో నొప్పికని డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరం రెండో రోజు కూడా తగ్గకపోతే ఆయన దగ్గర మూడో సెలైన్‌కు కూర్చోవద్దు.

## పల్లె దవాఖాన, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)

ఏండ్ల జబ్బులకు నేను మొదట చెప్పేది ఇదే. బీపీ, షుగర్ గోలీలు నెల నెలా ఉచితంగా ఇస్తారు. రక్తం ఇక్కడే తీసుకొని తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద జిల్లా ల్యాబుకు పంపుతారు. ఈ పథకంలో 134 రకాల పరీక్షలకు పైసా తీసుకోరు. బయట థైరాయిడ్, షుగర్ మూడు నెలల సగటు, కిడ్నీ పరీక్షలు కలిపి చేయిస్తే వెయ్యి రూపాయలు ఇట్టే దాటుతాయి.

సాయంత్రమైతే డాక్టర్ ఉండకపోవడం, కొన్ని గోలీలు అయిపోయి పక్క నెల రమ్మనడం దీని లోటు. అందుకే గోలీలు పది రోజులకు సరిపడా ఉండగానే పోవాలి. టీబీ అయితే ఒక మాట. ప్రైవేటు డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నా సరే, ప్రభుత్వం దగ్గర పేరు నమోదైతే మందులు ఉచితం. తిండి కోసం నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. మీ డాక్టర్ నమోదు చేశాడో లేదో అడగండి.

## ఎంజీఎం, జిల్లా మెడికల్ కాలేజీ దవాఖానలు

1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధమైనది ఎంజీఎం. ఆదిలాబాద్ అంచు నుంచి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. పొద్దున ఎనిమిది కాకముందే ఓపీ చీటీ వరుస గేటు వైపు వంకర తిరుగుతుంది. చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో ఎక్స్‌రే కవరు, నోట్లో వేపపుల్లతో నిలబడ్డ ముసలివాళ్లు కనిపిస్తారు.

పాముకాటుకు, పురుగుల మందు కేసులకు నేను రెండో మాట లేకుండా ఇక్కడికే రమ్మంటాను. పాము విషానికి విరుగుడు మందు సీసాలు పది, ఇరవై పడుతుంటాయి. ప్రైవేటులో ఒక్కో సీసా లెక్కన బిల్లు పెరుగుతుంది, ఇక్కడ ఉచితం. పురుగుల మందు కేసులో వెంటిలేటర్ మీద ఎన్ని రోజులుంటారో ముందు ఎవరూ చెప్పలేరు. పైగా పొలాల నడుమ ఉన్న జిల్లా కాబట్టి ఇక్కడి డాక్టర్ల చేతికి ఇలాంటి కేసులు అలవాటు. దారి దూరమైతే మొదటి డోసు దగ్గరి ప్రభుత్వ దవాఖానలో వేయించుకొని 108లో రావాలి. నేరుగా వరంగల్ పరుగెత్తొద్దు.

ఇబ్బందులూ చెప్పాలి. జనం ఎక్కువ, ఒక్కోసారి స్కాన్ కోసం రోజుల ఎదురుచూపు. వెంట ఒక చురుకైన మనిషి లేకపోతే ఒక గది నుంచి ఇంకో గదికి తిరగలేక రోగి అలసిపోతాడు. ఒంటరి ముసలివాళ్లను ఒంటరిగా ఎంజీఎంకు పంపొద్దు.

పదేండ్ల కింద లేనిది ఇప్పుడొకటి ఉంది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, మహబూబాబాద్‌లలో, 2023లో కరీంనగర్, భూపాలపల్లి, జనగామ, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్ల, కామారెడ్డిలలో, 2024లో ములుగు, నర్సంపేటలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ప్రతి విభాగమూ అన్నిచోట్లా ఒకేలా నిలదొక్కుకోలేదు. ఎముకలు, జనరల్ సర్జరీ, పిల్లల విభాగం లాంటి వాటికి మాత్రం ముందు మీ జిల్లాలోనే అడిగి చూడండి.

## హనుమకొండ, కరీంనగర్ నర్సింగ్ హోమ్‌లు

ఓపీకి 300 నుంచి 500 రూపాయలు, డాక్టర్ సాయంత్రం కూడా ఉంటాడు, చెప్పింది వింటాడు. ఒక పూట కూలి పోగొట్టుకోవడం కన్నా ఈ ఫీజు కట్టడమే నయమని చాలామంది లెక్కేసుకుంటారు, అది తప్పుడు లెక్క కాదు. ఓపీ సలహా కోసం, రెండో అభిప్రాయం కోసం నేనూ ప్రైవేటుకే పోతాను. చిక్కంతా "అడ్మిట్ కావాలి" అన్న మాట తర్వాత మొదలవుతుంది.

ఆ మాట వినగానే మూడు అడగండి. దేనికి చేరాలి? ఎన్ని రోజులు? రోజుకు గది, డాక్టర్, మందులు అన్నీ కలిపి ఎంత? ప్రైవేటు ఆసుపత్రి జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఏ సేవకు ఎంతో అందరికీ కనబడేలా బోర్డు పెట్టాలి. రోజువారీ బిల్లు ఏ రోజుకారోజు అడిగి తీసుకోవాలి. చివరి రోజు ఒకేసారి చూస్తే ఏ లైను ఎందుకో తేల్చుకోలేం.

డెంగీ గురించి ఇంకొంచెం. రక్తస్రావం లేకుండా ప్లేట్‌లెట్లు 10 వేల కన్నా పైన ఉంటే మామూలుగా ఎక్కించాల్సిన పని లేదని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంకె ఒక్కటే చూసి భయపడొద్దు. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, మగత, మూత్రం తగ్గడం, చేతులు కాళ్లు చల్లబడటం అసలు ప్రమాద గుర్తులు. అవి కనిపిస్తే డెంగీ కూడా గంటల జబ్బే అవుతుంది.

## ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రి

పేదవాడిని ప్రైవేటు ఆపరేషన్ థియేటర్ దాకా తెచ్చిన దారి ఇది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వర్తిస్తుంది. 2024లో 163 చికిత్సలు కలిపి జాబితాను 1,835కు పెంచారు, ఆసుపత్రులకిచ్చే రేట్లనూ సవరించారు. సర్కారు పైసలిస్తుంది, ప్రైవేటు వైద్యం చేస్తుంది.

ఇక్కడ తప్పటడుగులు నాలుగైదు చోట్ల పడతాయి.

ఆసుపత్రి బోర్డు మీద ఆరోగ్యశ్రీ అని ఉంటే చాలదు. ఎముకల విభాగానికి గుర్తింపు ఉండి గుండె విభాగానికి లేకపోవచ్చు. "మా రోగానికి ఇక్కడ కార్డు చెల్లుతుందా?" అని రోగం పేరు చెప్పి అడగాలి.

కార్డు మొదటి కౌంటర్‌లోనే చూపాలి. పైసలు కట్టి చేరి, రెండు రోజుల తర్వాత కార్డు తీస్తే కథ మారిపోతుంది. రిసెప్షన్‌లో "లేదు" అంటే అక్కడే ఆగొద్దు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒక మనిషి కూర్చుంటారు, చిన్న టేబులు, కంప్యూటర్, ఒక రిజిస్టర్. ఆమెనో ఆయన్నో కలిసి రేషన్ కార్డు, ఆధార్ ఇవ్వండి. అనుమతి వచ్చాక ఆ చికిత్సకు మిమ్మల్ని వేరే పైసలు అడగకూడదు. అడిగితే 104కు ఫోన్ చేయండి.

ఓపీ ఖర్చు ఇందులోకి రాదు. కొన్ని చికిత్సలను ప్రభుత్వ దవాఖానలకే కేటాయించారు, కాబట్టి "ఇది మీకు ఎంజీఎంలోనే అవుతుంది" అన్నప్పుడు అది ప్రతిసారీ సాకు కాకపోవచ్చు.

అన్నింటికీ మించి, బకాయిలు. ప్రభుత్వం నుంచి పైసలు రావడం లేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025 జనవరిలో, మళ్లీ సెప్టెంబరులో ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోగి ఆ తేదీన వచ్చి వెనక్కి పోవడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. ప్రైవేటు మీద ఇంత బరువు పెట్టినప్పుడు ఆ బిల్లులు నెల నెలా చెల్లించడం సర్కారు కనీస బాధ్యత. చెల్లించకపోతే నలిగేది గొడవకు దిగిన ఇద్దరూ కాదు, మంచం మీద ఉన్న మూడో మనిషి. బయల్దేరే ముందు రోజు ఆరోగ్యమిత్రకు ఫోన్ చేసి సేవలు నడుస్తున్నాయా అని అడగండి.

## ప్రైవేటు మెడికల్ కాలేజీ, ధర్మాసుపత్రులు

ఈ దారి చాలామందికి తట్టదు. కరీంనగర్‌లో చల్మెడ, ప్రతిమ లాంటి ప్రైవేటు మెడికల్ కాలేజీలున్నాయి. విద్యార్థులకు చదువు చెప్పాలంటే వార్డుల్లో రోగులుండాలి, కాబట్టి ఇలాంటి కాలేజీ ఆసుపత్రుల్లో ఓపీ, మంచం ఖర్చు చాలా తక్కువగా, కొన్నిచోట్ల ఉచితంగా ఉంటుంది. హెర్నియా, హైడ్రోసిల్, చిన్న చిన్న గడ్డల ఆపరేషన్లకు పనికొస్తాయి. మందులు, స్కాన్లు ఉచితమా కాదా అన్నది విడిగా అడగాలి.

ధర్మాసుపత్రులకు ఈ నేల మీద పాత చరిత్ర ఉంది. కుష్ఠురోగిని ఊరి బయట పెట్టే రోజుల్లో, 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ర్ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టింది. ఇప్పటి కాలంలో నిర్మల్ జిల్లా ముథోల్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామీణ కేంద్రం ఉంది. ఇచ్చుకోగలిగినవాళ్లు ఇస్తారు, లేనివాళ్లకు ఉచితం. కంటిశుక్లానికి ఆ చుట్టుపక్కలవాళ్లు హైదరాబాద్ పోవాల్సిన పని లేదు.

## హైదరాబాద్

క్యాన్సర్, అవయవ మార్పిడి, చిన్నపిల్లల గుండె ఆపరేషన్ లాంటివాటికి తప్పదు. తప్పనప్పుడు కూడా హైదరాబాద్ అంటే కార్పొరేట్ ఒక్కటే కాదు. క్యాన్సర్‌కు ఎంఎన్‌జే ప్రభుత్వ ఆసుపత్రి, చాలా పెద్ద జబ్బులకు నిమ్స్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ వర్తించని చికిత్సకు నిమ్స్‌లో చేరేముందే ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామని ముందే ఇచ్చే హామీ పత్రం) కోసం ఎమ్మెల్యే ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చు. ప్రైవేటులో కట్టిన బిల్లులకైతే తర్వాత అర్జీ పెట్టాలి, ఒరిజినల్ బిల్లులు పోగొట్టుకోవద్దు.

అడగాల్సిన ఇంకో మాట: "మొదటి కీమో ఇక్కడ ఇచ్చి, మిగతావి వరంగల్‌లో ఇప్పించుకోవచ్చా?" రానూ పోనూ మూడొందల కిలోమీటర్లు, వాంతులతో ఉన్న మనిషికి.

## ఒక్క చూపులో

| ఎక్కడికి | దేనికి పోవాలి | ఖర్చు | ఎక్కడ జాగ్రత్త |
|---|---|---|---|
| ఆర్‌ఎంపీ | మొదటి సాయం, బీపీ చూడటం | తక్కువ | స్టెరాయిడ్, సెలైన్, "నేను చెప్పిన దవాఖాన" |
| పీహెచ్‌సీ | బీపీ, షుగర్, టీబీ, రక్తపరీక్షలు | లేదు | సాయంత్రాలు, మందుల కొరత |
| ఎంజీఎం, జిల్లా దవాఖాన | పాముకాటు, విషం, ఎక్కువ రోజుల ఐసీయూ | దాదాపు లేదు | రద్దీ, వెంట మనిషి ఉండాలి |
| నర్సింగ్ హోమ్ | ఓపీ, రెండో అభిప్రాయం, చిన్న ఆపరేషన్ | చేరితే వేగంగా పెరుగుతుంది | రోజువారీ బిల్లు, అడ్వాన్సు |
| ఆరోగ్యశ్రీ ఆసుపత్రి | గుండె, కిడ్నీ, ఎముకలు, క్యాన్సర్ | అనుమతి వస్తే లేదు | ఏ విభాగానికి గుర్తింపు, సేవలు ఆగడం |
| ప్రైవేటు మెడికల్ కాలేజీ | ముందే తెలిసిన మామూలు ఆపరేషన్లు | తక్కువ | మందులు, స్కాన్ల ఖర్చు విడిగా |
| హైదరాబాద్ | క్యాన్సర్, అరుదైన జబ్బులు | దారి, బస కలిపి ఎక్కువ | మిగతా విడతలు దగ్గర్లో అవుతాయా |

## ఎవరికి ఏది

కడుపుతో ఉన్న ఆడబిడ్డ ఉంటే. దీని మీద నేను గట్టిగా చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి, అది మంచి మాట. అయితే మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వంలో 44.5 శాతం. కడుపు కోత అవసరమైనప్పుడు తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది. పదిమందిలో ఎనిమిది మందికి అవసరం పడటం మాత్రం నమ్మలేని మాట. ముహూర్తం చూసి తేదీ అడిగే మన ఇళ్లకూ ఇందులో భాగముంది.

ఇబ్బందులేమీ లేని గర్భమైతే హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి దవాఖాన, వరంగల్ సీకేఎం ప్రసూతి దవాఖాన, లేదా మీ జిల్లా మాతాశిశు ఆసుపత్రి. ప్రైవేటే కావాలనుకుంటే ఏడో నెలలోనే డాక్టర్‌ను సూటిగా అడగండి: పోయిన నెలలో మీ దగ్గర మామూలు కాన్పులెన్ని? రాత్రి నొప్పులొస్తే ఎవరుంటారు? చిరాకు పడకుండా జవాబు చెప్పే డాక్టర్‌ను నమ్మవచ్చు. మామూలు కాన్పులు పెంచడానికి 2017లో రాష్ట్ర ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది కరీంనగర్‌లోనే. ఒక ప్రైవేటు సంస్థ తనకు తెలిసిన పనిని సర్కారు నర్సులకు నేర్పడం, ఇంకో ఆసుపత్రి కట్టడం కన్నా ఎక్కువమందికి అందుతుంది.

గర్భసంచి తీసేయాలన్నారా? ఒక్క డాక్టర్ మాట మీద ఒప్పుకోవద్దు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదొకటి. క్యాన్సర్ అనుమానం లేకపోతే మందులతో చూసే దారి ఉందేమో ఇంకో చోట, వీలైతే ప్రభుత్వ దవాఖానలో అడగండి.

డయాలసిస్ మీద ఉంటే. వారానికి రెండు మూడుసార్లు, ఏండ్ల తరబడి. ఇక్కడ పేరున్న ఆసుపత్రి కన్నా దగ్గరున్న మిషను మేలు. ఏరియా ఆసుపత్రుల్లోని ఉచిత కేంద్రంలో ముందు పేరు రాయించండి. ఖాళీ వచ్చేదాకా ఆరోగ్యశ్రీ ఉన్న ప్రైవేటు కేంద్రంలో చేయించుకోండి.

రోడ్డు ప్రమాదమైతే. ప్రైవేటా, సర్కారా అని చూడొద్దు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025 మే నుంచి కేంద్ర పథకం కింద ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స ఉంది. దానికి పోలీసులకు సమాచారం అందాలి. 108కు ఫోన్ చేస్తే దగ్గరి చోటికి చేరుస్తారు. 2005 ఆగస్టు 15న మొదలైన ఈ 108ను కూడా సర్కారు పైసలతో ఒక ప్రైవేటు సంస్థే నడుపుతోంది.

సింగరేణి, ఆర్టీసీ, రైల్వే, ఈఎస్ఐ కార్డులున్నవాళ్లు ముందు మీ సొంత దవాఖానలో రిఫరల్ రాయించుకోండి. అది లేకుండా బయట చేరితే బిల్లు తిరిగి రాబట్టుకోవడం పెద్ద పని.

డెబ్బై నిండినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. సొంత ఇన్సూరెన్స్ తీసుకునేవాళ్లు పాత జబ్బులను దాచొద్దు. దాస్తే అసలు అవసరంలో క్లెయిమ్ పోతుంది. చెబితే ఆ జబ్బుల క్లెయిమ్‌ను మూడేండ్లకు మించి ఆపడానికి వీల్లేదు.

## మధ్యలో మారాలనుకుంటే

చేరిన చోటే చివరిదాకా ఉండాలని ఎక్కడా లేదు. ఖర్చు చేయి దాటుతోందనిపిస్తే మొదట డాక్టర్‌తోనే చెప్పండి. చాలామంది డాక్టర్లు అర్థం చేసుకొని ఎంజీఎంకు రాసిస్తారు. కేసు షీటు, రిపోర్టులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలో ఉన్న మాట. మార్చేటప్పుడు ఆక్సిజన్ ఉన్న బండి, అవతల మంచం ఖాళీ ఉందో లేదో కనుక్కున్నాకే కదలాలి. పైసలు తీసుకొని చేసిన వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 1995లో సుప్రీంకోర్టు ఆ దారి తెరిచింది. దానికీ కావాల్సింది కాగితాలే.

మా చిన్నమ్మ ఇంట్లో ఇప్పుడు క్యాలెండర్ పక్కన మేకుకు ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతుంది. అందులో రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు రెండేసి, పాత రిపోర్టులు తేదీల వారీగా, ఎవరికి ఏ మందు పడదో రాసిన చీటీ, చీటీ వెనక 108, 104, నా నంబరు ఉన్నాయి. మొన్న దసరాకు పోయినప్పుడు పక్కింటి కోడలు వచ్చి ఆ కవరు చూసి, "అత్తమ్మా, మాకూ ఒకటి చేసియ్యరాదు" అంది. ఇద్దరూ అరుగు మీద కూర్చొని ఆ అమ్మాయి ఇంటి కాగితాలు సర్దుతూ ఉన్నారు. ఆ అమ్మాయికి అప్పుడు ఆరో నెల.